గొలుసుకట్టు బేస్‌మెంట్లు

శనివారం పొద్దున ఆరున్నరకి మా క్రికెట్ గ్రూపులో కెప్టెన్ మెసేజ్ పెట్టాడు: "రాత్రంతా వాన పడింది. అయినా మ్యాచ్ ఉంది. టర్ఫ్ కదా అన్నలూ, చుక్క నిలవదు. ఏడున్నరకల్లా వచ్చెయ్యండి." కింద వరసగా పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి. అందులో నాదీ ఒకటి. ప్లాస్టిక్ గడ్డి మీద న్యూజెర్సీలోని మా ఐసెలిన్ జనానికున్న నమ్మకం గ్రీన్ కార్డు మీద కూడా లేదు.

మామగారు నాతో బయల్దేరారు. ఆయన నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ములుగు దగ్గర రామప్ప చెరువు కింద కాలవగట్ల మీద ముప్పై ఏళ్లు తిరిగారు. ఆర్నెల్ల వీసాలో మూడు నెలలు అయిపోయాయి. ఓక్ ట్రీ రోడ్డు చూపిస్తే, "దీనికోసమా అంతసేపు ఇమానంల కూసున్నది? గిదంత కోఠిల లేదా?" అన్నారు. మెట్రోపార్క్ స్టేషన్ చూపిస్తే రైలుకి సంతోషించారు గానీ, దిగినవాళ్లలో ఒక్కడూ పక్కవాడితో మాట్లాడలేదని ఇంటికొచ్చేదాకా బెంగపడ్డారు. ఇక మిగిలింది మా క్రికెట్టే.

మైదానం పేరు అనవసరం. రంగేసిన జుట్టులా, ఎక్కడా ఒక్క వెంట్రుక తేడా లేకుండా పచ్చగా ఉంది. అడుగు పెట్టాను. పచక్ మంది. ఇంకో అడుగు వేశాను. బూటు చుట్టూ నీళ్లు లేచి, కాలు తియ్యగానే ఏమీ ఎరగనట్టు మాయమయ్యాయి. పిచ్ దగ్గర ఫరవాలేదు. లాంగాన్ మూలకి వెళ్లేసరికి చీలమండ లోతు. ఆ నీళ్ల మీద నల్లటి రవ్వ తేలుతోంది, చారులో తాలింపు ఆవాలు గిన్నెకి ఓ పక్కన చేరినట్టు. పాత టైర్లు తురిమి గడ్డి పోచల మధ్య నింపుతారే, ఆ రబ్బరు పొడి. ఒక్క మైదానానికి వేల టైర్లు తురమాలి. టైరు ట్యూబుకి నీళ్ల మీద తేలే అలవాటు చిన్నప్పుడు చెరువుల్లో ఈదిన ప్రతివాడికీ తెలుసు. మైదానం కొన్నవాళ్లు ఏ చెరువులోనూ ఈదినట్టు లేరు.

కెప్టెన్ ఫీల్డింగ్ మార్చాడు. లాంగాన్‌కి ఈత వచ్చినవాణ్ణి పెట్టాడు.

మామగారు ఆట చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. చెరువు కట్ట మీద నడిచే నడక అది, చూపు ఎప్పుడూ లోపలి వైపే. తిరిగొచ్చి నా పక్కన నిలబడి మెల్లిగా అడిగారు.

"మత్తడి యాడుంది అల్లుడా?"

"ఇది చెరువు కాదు మామా, గ్రౌండు."

"నీళ్లు నిలిచినయా లేదా?"

"నిలిచాయి."

"సుట్టూత సిమెంటు కట్ట ఉన్నదా?"

"ఉంది."

"కింద తూము ఉన్నదా?"

"పైపులున్నాయంటారు."

"మరి చెరువు గాక ఏంది?"

నా దగ్గర జవాబు లేదు. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, జవాబు లేదు.

ఆ తర్వాత కూర్చుని ప్లాస్టిక్ గడ్డి అమ్మే కంపెనీల కరపత్రాలు చదివాను. చదవదగ్గ సాహిత్యం. మచ్చుకి: మా తివాచీ గంటకి 30 అంగుళాల వానని దించేస్తుంది. చదివి నమస్కారం పెట్టాను. భూమ్మీద మనిషి కొలిచిన వానల్లో రికార్డు ఒకటుంది: 1947 జూన్ 22న అమెరికాలోనే మిస్సోరీ రాష్ట్రం హోల్ట్ ఊళ్లో 42 నిమిషాల్లో 12 అంగుళాలు కురిసింది. అంటే వరుణుడు తన జన్మలో చూపించిన ప్రతాపానికి దాదాపు రెట్టింపు ఈ తివాచీ అవలీలగా తాగేస్తుందన్నమాట. వరుణుడే సిగ్గుపడి తప్పుకోవాలి.

అబద్ధం కాదు మరి. తివాచీ వెనక చిల్లులుంటాయి, నాలుగేసి అంగుళాలకి ఒకటి. ప్రయోగశాలలో ఆ ముక్కని ఒక రింగులో బిగించి నీళ్లు పోస్తే బ్రహ్మాండంగా దిగుతాయి. దిగి ఎక్కడికి పోతాయన్నది ఆ పరీక్షలో అడగరు. మా ఐసెలిన్‌లో వీధికో కన్సల్టెన్సీ ఉంది కదా, అవి తయారుచేసే రెజ్యూమేకీ దీనికీ తేడా లేదు. పైన ఎనిమిదేళ్ల అనుభవం నిగనిగలాడుతుంది, వేలు పెట్టి కిందకి తవ్వితే మొన్న మే నెలలో చదువు పూర్తిచేసిన కుర్రాడు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటాడు. ఉద్యోగం వానాకాలం దాకా బాగానే నడుస్తుంది.

తివాచీ కింద ఏముంటుందో చెప్పాలి, ఎందుకంటే అసలు మైదానం అదే. పైన మనం చూసేది దాని చొక్కా. చొక్కా కింద రెండంగుళాల సన్న కంకర, దాని కింద నాలుగో ఆరో అంగుళాల ముతక కంకర. దాని కింద గుడ్డలాంటి పొర, మట్టి పైకి రాకుండా. ఆ పొర మీద చేప ముల్లులా ఏటవాలుగా పరిచిన చదునైన ప్లాస్టిక్ కాలవలు, ఒకటిన్నర అంగుళం మందం కూడా ఉండవు. అవి తెచ్చిన నీటిని మైదానం అంచున ఉన్న చిల్లుల గొట్టం అందుకుంటుంది. ఆ గొట్టం ఓ మ్యాన్‌హోల్లోకి, మ్యాన్‌హోల్ నుంచి ఇంకో గొట్టం ఊరి వాన కాలవలోకి. వాలు అర శాతం, మహా అయితే ఒక శాతం. అంతకు మించితే బంతి తనంతట తనే బౌండరీకి వెళ్లిపోతుంది.

కంకరలో రాళ్ల మధ్య ఖాళీ నూటికి నలభై వంతులు ఉంటుంది, రాయి కడిగినదై, దుమ్ము లేనిదైతే. కంట్రాక్టరుకి కడగని రాయి చవక. రోడ్డు రోలరు కంట్రాక్టరుకి సొంతం, దాంతో ఎంత తొక్కితే అంత చదునుగా, అందంగా, అభేద్యంగా వస్తుంది. అడుగున నేల మెత్తనిదైతే కొంత ఇంకేది. మా ఐసెలిన్ ఉన్న ఉడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్ 19వ శతాబ్దంలో దేనికి పేరు మోసిందో తెలుసా? బంకమట్టికి. ఇటుకలకీ, కొలిమి రాళ్లకీ ఇక్కడి మన్ను పెట్టింది పేరు. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరకి ఉడ్‌బ్రిడ్జ్ బంకమన్ను అని ఊరి పేరే పెట్టారు. కుండలు చేసుకునే మట్టి మీద కూర్చుని, నీళ్లు ఇంకుతాయని ఎదురుచూసే ధైర్యం మనుషులకి మాత్రమే ఉంటుంది.

లెక్క చూద్దాం అన్నారు మామగారు. ఓక్ ట్రీ రోడ్డు మీద హోటల్లో దోసె తిని, బిల్లు వెనక పెన్ను పెట్టారు. మైదానం సుమారు 80 వేల చదరపు అడుగులు. అంగుళం వాన పడితే లక్షా తొంభై వేల లీటర్లు. "హైదరాబాదుల పదివేల లీటర్ల ట్యాంకరు వస్తదిగదా, గవి పందొమ్మిది." కరపత్రంలోని గంటకి 30 అంగుళాలు నిజంగా దిగాలంటే ఎంత ప్రవాహం? లెక్క నేను కట్టాను, క్యూసెక్కుల్లో చెప్పమన్నారు. యాభై అయిదు. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

"యాభై అయిదు క్యూసెక్కులా? రెండు వేల ఎకరాల వరికి సాలు. ఆ గొట్టం ఎంత లావు?"

"అడుగు వ్యాసం అనుకోండి."

అడుగు గొట్టం అర శాతం వాలులో నిండా పారినా మూడు క్యూసెక్కులు దాటదు. పైన యాభై అయిదు, కింద మూడు. అరవై మంది దిగే బస్సుకి పిల్లి దూరే తలుపు పెట్టినట్టు. మామగారు ఆ బిల్లుని మడిచి జేబులో పెట్టుకున్నారు, ఊరికి తీసుకెళ్లి చూపించడానికట.

ముప్పై అంగుళాలు కట్టుకథ, వదిలేద్దాం. నిజమైన వాన సంగతి. 2021 సెప్టెంబర్ 1 సాయంత్రం ఐడా తుఫాను అవశేషం న్యూజెర్సీ మీదుగా పోయింది. పక్కనే నెవార్క్‌లో ఆ ఒక్క రోజు 8.41 అంగుళాలు, అక్కడ ఎన్నడూ లేనంత. అందులో 3.24 అంగుళాలు ఒక్క గంటలో. ఆ గంట మా మైదానం మీద పడి ఉంటే ఆరు క్యూసెక్కులు, అరవై ఒక్క ట్యాంకర్లు. ఆరంగుళాల కంకరలో నలభై శాతం ఖాళీ నిజంగానే ఉందనుకున్నా నలభై అయిదు ట్యాంకర్లకి మించి పట్టదు. అదైనా అంతకు ముందు వాన పూర్తిగా దిగిపోయి పొట్ట ఖాళీగా ఉంటేనే. రోజంతా పడ్డదానికి నూట యాభై తొమ్మిది ట్యాంకర్లు. న్యూజెర్సీలో ఆ వాన ముప్పై మందిని పొట్టనపెట్టుకుంది. కార్లలో కొందరు, కింది అంతస్తుల్లో కొందరు.

ఇంకో చిక్కుంది. గొట్టం చివర కాలవ, కాలవ చివర నది. ఎడిసన్ వైపు నుంచి మా ఊళ్లోకి వచ్చి, మెరిల్ పార్కు గుండా కొలోనియా మీదుగా పోయేది దాని దక్షిణ పాయ, నది పేరు రావే. తెలుగువాళ్లం ఇన్ని వేల మందిమి దాని ఒడ్డున ఇళ్లు కొనుక్కుని, పొద్దున్నా సాయంత్రం దాన్ని రావే, రావే అంటున్నాం. రాకుండా ఎలా ఉంటుంది? నది నిండినప్పుడు గొట్టం నోరు నీళ్లలో మునుగుతుంది. అప్పుడు మైదానం నుంచి నది వైపు పోవాల్సిన నీరు ఆగిపోతుంది. మరీ పొంగితే వెనక్కి తన్ని, కింద నుంచి తివాచీని బుడగలా లేపుతుంది. ఎత్తు మీద కట్టిన మైదానం బతికిపోతుంది. పల్లంలో చవగ్గా దొరికిన స్థలంలో కట్టింది బురద మింగుతుంది. ఆ ఒండ్రు గడ్డి పోచల్లో, రబ్బరు రవ్వలో, చిల్లుల్లో దూరిందంటే ఇక ఆ తివాచీ కరపత్రం మాట వినదు.

ఇవన్నీ కట్టేవాళ్లకి తెలియనివా? తెలుసు. కాకపోతే కంకరకి ఫోటో లేదు. తివాచీ మీద నిలబడి మేయర్లు, కౌంటీ కమిషనర్లు, స్కూలు బోర్డులు పెద్ద పెద్ద కత్తెరలు పట్టుకుని నవ్విన ఫోటోలు ఈ దేశంలో ప్రతి ఊరి పత్రికలోనూ దొరుకుతాయి. మ్యాన్‌హోల్లోకి తల పెట్టి రిబ్బను కత్తిరించిన నాయకుడి ఫోటో ఒక్కటి చూపించండి, నా చెయ్యి ఇస్తాను. మిలియన్ డాలర్ల బడ్జెట్‌లో కోత పడాలంటే ముందు పడేది భూమి లోపలే. అక్కడ పడ్డ కోత ఎవరికీ కనబడదు, వాన పడేదాకా. తివాచీకి ఎనిమిదేళ్లు వారంటీ రాస్తారు. కంకరకి ఎవరూ ఏమీ రాయరు. పైన పటారం, లోన లొటారం అన్న మాట మనవాళ్లు ఈ మైదానం చూడకుండానే ఎలా అన్నారో!

దీని పుట్టుకే అలాంటిది. 1965లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ తెరిచారు, పైకప్పున్న మొదటి మహా మైదానం. లోపల నిజం గడ్డే వేశారు. ఎండ కంట్లో పడి బంతి కనబడడం లేదని బేస్‌బాల్ ఆటగాళ్లు మొత్తుకుంటే కప్పు పలకలకి రంగేశారు. ఎండ లేక గడ్డి చచ్చింది. చచ్చిన గడ్డికి ఆకుపచ్చ రంగేసి కొన్నాళ్లు నెట్టుకొచ్చి, 1966లో మోన్సాంటో వాళ్ల ప్లాస్టిక్ పరిచారు. అంటే వాన అంటే ఏమిటో తెలియని ఇంట్లో పుట్టిన పిల్లని తెచ్చి, వానలో నిలబెట్టి కాపురం చెయ్యమన్నాం. ఆ కప్పు కింద కూడా ఒకసారి వాన వల్ల ఆట ఆగింది, 1976 జూన్ 15న. లోపల పొడిగానే ఉంది. చుట్టూ రోడ్లు మునిగి ప్రేక్షకులూ, అంపైర్లూ రాలేకపోయారు. నీళ్లు మైదానంలోంచి తప్పిస్తే చాలనుకున్నవాళ్లకి నీళ్లు చెప్పిన మొదటి పాఠం అది. ఎవరూ నోట్సు రాసుకోలేదు.

రెండో పాఠం ఇంకా చిత్రం. సెయింట్ లూయిస్‌లో ప్లాస్టిక్ మైదానాన్ని వాన నుంచి కాపాడ్డానికి దానంతట అదే పరుచుకునే టార్పాలిన్ యంత్రం పెట్టారు. 1985 అక్టోబరులో చినుకు పడింది, యంత్రం కదిలింది, విన్స్ కోల్‌మన్ అనే బేస్‌బాల్ ఆటగాడి కాలు దాని కింద పడింది. ఆ ఏడాది లీగు మొత్తంలో అత్యంత వేగంగా పరుగెత్తేవాళ్లలో అతనొకడు. నత్తనడక నడిచే టార్పాలిన్ అతన్ని పట్టుకుంది. వరల్డ్ సిరీస్ అతను కూర్చుని చూశాడు. (మన హాకీకి ప్లాస్టిక్ చేసిన మేలు ఇక్కడ చెప్పను. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానం అంటే తెలిసినవాళ్లకి తెలుసు.)

నిజం గడ్డి మాత్రం పుణ్యాత్మురాలా అంటారేమో. కాదు. 2024 జూన్‌లో ఫ్లోరిడా లాడర్‌హిల్‌లో ఇండియా, కెనడా మ్యాచ్‌కి టికెట్లు కొని, విమానం ఎక్కి వెళ్లిన మావాళ్లు బోలెడుమంది. ఒక్క బంతి పడలేదు, అవుట్‌ఫీల్డ్ ఆరలేదు. అదే ఏడాది సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో అఫ్గానిస్థాన్, న్యూజిలాండ్ టెస్టు అయిదు రోజులూ బంతి పడకుండానే ముగిసింది. నేలని ఆరబెట్టడానికి ఫ్యాన్లు పెట్టారు. గదిలో తడి లుంగీకి పెట్టినట్టు. గడ్డి ప్లాస్టిక్‌దా, పచ్చిదా అన్నది నీళ్లు పట్టించుకోవు. కింద దారి ఉందా లేదా, అంతే.

న్యూజెర్సీ ప్రభుత్వానికి ఈ మాట అర్థమైంది, ఆలస్యంగానైనా. ఇక్కడి గొట్టాల లావు నిర్ణయించిన వాన లెక్కలు చాలాకాలం 1999 వరకూ పడ్డ వాన మీద కట్టినవే. ఆ తర్వాత పడ్డ వాన వానే కాదన్నట్టు ఇరవై ఏళ్లు గడిపేశారు. నూరేళ్లకోసారి వచ్చే వాన అంటారు ఇంజినీర్లు. ఏటా నూటికి ఒక వంతు అవకాశం అని దాని అర్థం. మా ఇంటి ధర మాట్లాడేటప్పుడు ఏజెంటు చెప్పే అర్థం మాత్రం వేరు: "నూరేళ్లకోసారి వస్తుందండీ, మొన్ననే వచ్చేసింది, ఇక మీకు ఢోకా లేదు." 2011లో ఐరీన్, 2021లో ఐడా. 2025 జూలై 14న వచ్చిందానికి పేరు కూడా లేదు, అయినా ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఇద్దరు కారుతో సహా వాగులో కొట్టుకుపోయారు. ఈ లెక్కన నాకు ఇప్పటికి మూడు నాలుగు వందలేళ్లు ఉండాలి.

2021 మార్చిలో కొత్త కట్టడాలు వాన నీటిని చెట్ల గుంటల్లో, ఇంకుడు గుంటల్లో దాచాలన్నారు. 2023 జూలైలో వాన లెక్కలు మార్చి, వరద మట్టం రెండడుగులు పైకి జరిపారు. వాటికంటే ముందు, 2019 మార్చిలో, ఊళ్లు కావాలనుకుంటే వాన నీటి నిర్వహణకి రుసుము వసూలు చేసుకోవచ్చని చట్టం చేశారు. నీళ్లు ఇంకని నేల ఎవరికి ఎంతుంటే వాళ్లకి అంత. ప్రత్యర్థులు దానికి రెయిన్ టాక్స్ అని పేరు పెట్టారు. చట్టం అసలు పేరు అక్కడే మునిగింది, ఈ పేరు ఇప్పటికీ తేలుతోంది.

ఓక్ ట్రీ రోడ్డు మీద చాయ్ తాగుతూ దాని మీద మావాళ్లు చేసిన ఉపన్యాసాలు వింటే సముద్రుడు కూడా రుసుము కట్టడానికి నిరాకరించేవాడు. "వానక్కూడా టాక్సేంటండీ! రేపు గాలికేస్తారు, ఎల్లుండి ఎండకేస్తారు," అన్నారొకాయన. వేడి మీద సమోసా చేతిలో ఉంది. ఆయన ఇల్లు నాకు తెలుసు. ముందు లాన్ తీసేసి మూడు కార్లకి డ్రైవ్‌వే పోయించారు. వెనక పెరట్లో రాతి పలకల డాబా, దాని పక్కన పిల్లలకి ప్లాస్టిక్ గడ్డి. నాలుగు గొట్టాలూ చూరు నీళ్లు తెచ్చి తిన్నగా డ్రైవ్‌వే మీదకి వదుల్తాయి. ఆ ఇంట్లో ఒక చుక్క భూమిలోకి దిగాలంటే వీసా కావాలి. రుసుము మాట వచ్చేసరికి మాత్రం వాన దేవుడిది.

నన్ను మాత్రం తక్కువ అంచనా వెయ్యకండి. మా బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ ఉంది, ఏడు స్పీకర్లు. అది మునగకుండా మూల గుంటలో సంప్ పంపు, అది ఆగితే బ్యాటరీ పంపు. మా మామగారు ఆ గుంట మూత తీసి, లోపల గుడగుడమంటున్న నీటిని చూసి, "ఇంటి కింద బావి తవ్వి, బావిల సినిమా సూస్తున్నరా బిడ్డా!" అని మా ఆవిడతో అన్నారు. ఆయన ఊళ్లో గొలుసుకట్టు చెరువులుంటాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకి, అది నిండితే దాని కింది చెరువుకి. కాకతీయుల నాటి నుంచీ ఎనిమిది వందల ఏళ్లు నడిచిన ఏర్పాటు. నీళ్లు వదిలేవాడు కిందివాడికి కబురు పెట్టి వదుల్తాడు. ఐసెలిన్‌లోనూ గొలుసుకట్టు ఉంది. పైవాడి డ్రైవ్‌వే కిందివాడి బేస్‌మెంట్‌కి, ఆ బేస్‌మెంట్ పంపు వీధికి, వీధి ఇంకో బేస్‌మెంట్‌కి. కబురు మాత్రం ఎవరూ పెట్టరు. హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు చెత్తబుట్ట రంగు గురించి పెడతారు.

ఊళ్లో ఉన్నవాళ్లు నవ్వుకోకండి. ఐడా వచ్చిన సరిగ్గా మూడేళ్లకి, అదే సెప్టెంబర్ 1న, 2024లో, బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీదకి వచ్చింది. వాగు తన దారి తను వెతుక్కుంటూ వచ్చింది, దారిలో కాలనీలున్నాయి. హైదరాబాదులో చెరువు శిఖం మీద అపార్ట్‌మెంట్ కట్టి, దానికి లేక్ వ్యూ అని పేరు పెట్టి, వ్యూ ఇంట్లోకే వచ్చేసరికి ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ మీద విరుచుకుపడతారు. ఇప్పుడు ఆ కాలనీల మధ్య మిగిలిన ప్రతి ఖాళీ జాగాలోనూ బాక్స్ క్రికెట్ లేచింది, వల కట్టి, లైట్లు పెట్టి, గంటకింత అని. కింద ఏముందని ఒక కుర్రాణ్ణి అడిగితే, "కింద సిమెంటంకుల్, సూపర్ ఉంటది," అన్నాడు. నలభై ఆరు వేల చెరువుల్లో పూడిక తియ్యడానికి 2015లో మిషన్ కాకతీయ పెట్టుకున్న రాష్ట్ర రాజధానిలో ఇది.

ఇక్కడి పెద్దల సంగతి వినండి మరి. మా ఇంటికి అరగంట దూరంలో, మెడోలాండ్స్ చిత్తడి నేలలో, మెట్‌లైఫ్ స్టేడియం ఉంది. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేది ప్లాస్టిక్ మీద. 2026 సాకర్ ప్రపంచ కప్ ఫైనల్‌కి ఆ స్టేడియాన్నే ఎంచుకున్నారు. ఫిఫా మాత్రం ఒక షరతు పెట్టింది: మా ఆటగాళ్లు ప్లాస్టిక్ మీద ఆడరు, నిజం గడ్డి పరవండి. గడ్డికి, దాని కింద నీళ్లు పోయే ఏర్పాటుకి ఒప్పుకున్నారు. అంటే కింద దారి వెయ్యడం చేతకాక కాదు, అడిగేవాడు గట్టివాడైతే వేస్తారు. స్కూలు పిల్లలకీ, టేపు బంతి తమ్ముళ్లకీ ఫిఫా లేదు. యూరప్‌లో ఈ రబ్బరు రవ్వ అమ్మకాన్ని ఎనిమిదేళ్ల గడువు పెట్టి ఆపేస్తున్నట్టు 2023లో ప్రకటించారు, నీళ్లలోకి కొట్టుకుపోతోందని. మా రవ్వ ఎక్కడికి కొట్టుకుపోతుందో ఆ శనివారమే చూశాను.

ఆ సంగతి సగంలో వదిలేశాను కదా. నాలుగో ఓవరులో అవతలి బ్యాట్స్‌మన్ లాంగాన్ వైపు కొట్టిన బంతి గాల్లో లేచి, నీళ్లలో పడి, అక్కడే ఆగిపోయింది. ఫీల్డర్ దూకాడు, లేచాడు, ముఖమంతా ఆవాలు. ఆట ఆపి అందరం కారు డిక్కీల వెనక చేరి చాయ్ ఫ్లాస్కులు తీశాం. మామగారు కనబడలేదు. కంచె అవతల, పొదల వెనక, గొడుగు కర్రతో ఏదో పొడుస్తున్నారు.

వెళ్లి చూశాను. ఇనప జాలీ. దాని మీద పోయిన ఏడాది ఆకులు ముద్దకట్టి తోలులా పరుచుకుని ఉన్నాయి. ఒక చిప్స్ ప్యాకెట్, ఒక పిల్లాడి చెప్పు, ఇంకా టేపు చుట్టిన టెన్నిస్ బంతులు మూడు. ఎర్ర టేపుది మాదే, పోయిన వారం సిక్సర్ కొట్టి వెతికి వెతికి వదిలేసింది. మామగారు గొడుగు వంపుతో ఆకుల ముద్దని ఒక అంచు నుంచి చాపలా లేపారు. కింద ఎక్కడో ఎవరో గుటక వేసినట్టు చప్పుడైంది. తర్వాత నీరు సుడి తిరగడం మొదలెట్టింది. సుడిలో నల్లటి రవ్వ గిరగిరా తిరిగి లోపలికి పోయింది. పదిహేను నిమిషాల్లో లాంగాన్ మూల బయటపడింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. కెప్టెన్ వచ్చి, "మీరే మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అంకుల్," అని చెయ్యి కలిపాడు.

ఆయన నవ్వలేదు. జాలీ అవతల వైపు, పల్లం ఎటు పోతోందో చూస్తున్నారు. అక్కడ రోడ్డు, రోడ్డు పక్కన ఇళ్లు.

"నీళ్లయితే ఇడిసినం. కిందోళ్లకు ఎవలు జెప్తరు?"

"అంతా పైపుల్లో పోతుంది మామా."

మధ్యాహ్నం మళ్లీ వాన పట్టుకుంది. రాత్రి పది గంటలకి మా ఎడమచేతి స్పిన్నర్ నుంచి మెసేజ్. అతని ఇల్లు మా వీధి చివర, పల్లంలో. "అన్నా, బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చేశాయి. మీ దగ్గర ఎక్స్‌ట్రా పంపు ఉందా?" కింద ఫోటో. తడిసిన తివాచీ, తేలుతున్న పిల్లల బొమ్మ పెట్టె. పెరటి వైపు మెట్లలో కింది మెట్టు మీద, నీటి అంచున, సన్నటి నల్ల గీత. వేళ్లతో ఫోటో పెద్దది చేసి చూశాను. ఆవాలు.

మా పంపు కింద గుర్రుమంటూనే ఉంది. దాని గొట్టం మొన్న వేసవిలోనే వీధి వైపు తిప్పించాను, పెరడు చిత్తడి అవుతోందని. సోఫాలో పక్కనే కూర్చున్న మామగారు నా ఫోన్లోకి తొంగి చూసి, "ఎవలింట్ల?" అన్నారు.

"పంపు ఉంది తమ్ముడూ, కానీ నడుస్తోంది" అని టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ అదే టైప్ చేశాను.